రెండో కాలు

తమిళనాట విరుదునగర్‌లో నేను పనిచేసిన ఆఫీసు ఒక మిరపకాయల గోదాము పైన ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అమెరికాలో డాక్టర్లు చేసిన వైద్యానికి అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకు బిల్లులు తయారుచేసే పని మాది. డాక్టరు రాసిన ఆపరేషన్ నోటు మా కంప్యూటర్‌లోకి వచ్చేది. దాన్ని చదివి, రోగికి ఉన్న జబ్బుకు ఒక కోడు, డాక్టరు చేసిన పనికి ఒక కోడు వేయాలి. రెండూ ఒకదానికొకటి పొసగకపోతే కంపెనీ బిల్లును తిప్పికొడుతుంది.

మెట్ల దగ్గరే మిరప ఘాటు ముక్కులో దూరేది. కిటికీలకు తెరలు కట్టించమని యజమానిని వారం వారం అడిగాను. "మీకొక్కరికే తుమ్ములొస్తున్నాయా?" అన్నాడాయన. ఆయన మాట అక్కడే వదిలేశాడు. నేను వదల్లేదు.

మా పని చూసే ఆమెను అందరం అక్కా అనేవాళ్ళం. ఆమెది తాయిల్పట్టి, టపాసులు తయారుచేసే ఊరు. ఇంట్లో అందరూ బాణసంచా పనిలో ఉంటే, ఆమె నర్సు చదివి, కొన్నేళ్ళు ఆస్పత్రిలో పనిచేసి, తర్వాత చెన్నైలో ఈ కోడింగ్ నేర్చుకుని వచ్చింది. ఆమె మీద నాకున్న ఫిర్యాదులు చెప్పుకుంటూ పోతే ఒక పూట పడుతుంది. అయినా పని విషయంలో అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అక్క ఒక పద్ధతి పెట్టింది. ఇంగ్లీషు నోటు చదివి నేరుగా కోడు వేయకూడదు. ముందు పక్కవాళ్ళకు ఇంటి భాషలో, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు, డాక్టరు ఏం చూశాడో ఏం చేశాడో గొంతెత్తి చెప్పాలి. వినేవాళ్ళు సందేహాలు అడగాలి. ఇద్దరికీ అర్థమైతేనే కోడు. ఆఫీసులో ఎక్కువమంది తమిళంలో చెప్పుకునేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడే నన్నూ, సాత్తూరు నుంచి వచ్చే ఒక అన్ననూ అక్క జతగా కూర్చోబెట్టింది. ఆ అన్న అంతకుముందు మందుల షాపులో పనిచేసినవాడు. నెమ్మదస్తుడు, నాకంటే పెద్దవాడు.

ఒకసారి మాకు శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. నేను అన్నకు నోటు చెబుతుంటే విని, పగలబడి నవ్వాడు. "ఇదెక్కడి తెలుగండీ బాబూ! మా తాతమ్మ కూడా ఇలా మాట్లాడదు" అన్నాడు.

అక్క తల ఎత్తకుండానే అంది: "మా ఊరి తెలుగు సార్. అన్నకి నోటు అర్తమయిందా లేదా, అది అడగండి."

ఆయన అడిగాడు. అన్న చెప్పాడు. ఆయన ఇంక నవ్వలేదు. అక్క మీద నాకు గౌరవం మొదలైంది ఆ రోజే. నేను పట్టుబట్టి తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది కూడా ఆ నవ్వు వల్లే.

కొన్నాళ్ళకు లైపోసక్షన్ చేసే ఒక క్లినిక్ బిల్లులు మాకు వచ్చాయి. చర్మం కింది కొవ్వును సన్నని గొట్టంతో పీల్చి తీసే ఆపరేషన్ అది. కోవిల్పట్టిలో మా అమ్మకు ఈ సంగతి చెబితే, అగ్గిపెట్టెల కంపెనీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మనిషి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఒళ్ళు చేసేదానికి గదా మనం తినేది! దాన్ని ఏంటికి పీకేస్తారే?"

"వాళ్ళకి ఎక్కువైపోయిందమ్మా."

"ఎక్కువైతే ఈడికి పంపమను. మీ అత్తకి పెట్టుకుందాం. ఎముకలు లెక్కపెట్టేట్ల ఉండాది."

అక్క మాకు ఆ పని విడమరిచి నేర్పింది. కొవ్వు తీసింది పొట్టలోనా, చేతిలోనా, కాలిలోనా అన్నదాన్ని బట్టి పనికి వేరు వేరు కోడ్లు. అసలు చిక్కు ఎందుకు తీశారన్న దగ్గర. అందం కోసమైతే అందం కోసమనే చెప్పే కోడు ఉంది. అది పడితే ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోదు, ఖర్చు రోగిదే. జబ్బు వల్ల తీస్తే ఒప్పుకోవచ్చు. "లేని జబ్బు రాయద్దు, ఉన్న జబ్బు వదలద్దు" అని అక్క ఆ క్లినిక్ నోటు తెరిచిన ప్రతిసారీ అనేది.

ఆ క్లినిక్ నుంచి వచ్చినవి ముప్పాతిక వంతు అందం కోసమే. అందుకే ఒకావిడ నోటు వచ్చినప్పుడు మాకు తేడా తెలియలేదు. ఆ రోజు చెప్పే వంతు అన్నది, వినే వంతు నాది.

అన్న నోటు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఈ యమ్మకి కాలులో కొవ్వు జాస్తి. ఒక కాలిది తీసినారు. ఇంకొకటి తర్వాత చేస్తారంట" అని గబగబా ముగించాడు. అందం కోసమనే కోడు వేశాడు. నేను సరేనన్నాను. ఒక మగమనిషిని ఆడమనిషి తొడల గురించి ఇంకా వివరంగా చెప్పు అని మా ఇళ్ళలో ఏ ఆడపిల్ల అడుగుతుంది? అందులోనూ ఇంటి భాషలో! ఇంగ్లీషులో అయితే అది వేరే సంగతి. తెలుగులో అంటే ఆ మాట ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

బిల్లు తిరిగి వచ్చింది. దానితోపాటు క్లినిక్ వాళ్ళ కబురు కూడా వచ్చింది. మొదటి కాలికి కంపెనీ ఒప్పుకుంటే తప్ప రెండో కాలికి ఆపరేషన్ లేదు, సొంతంగా భరించే స్థోమత ఆవిడకు లేదు అని.

అక్క నోటు తెరిచి అందరి ముందూ చదివింది. ఆవిడ తొడలు, పిక్కలు నొక్కితే నొప్పి అని డాక్టరు రాశాడు. చెయ్యి తగిలినా కమిలిపోతాయట. తిండి తగ్గించినా తగ్గని కొవ్వట. బిగుతు మేజోళ్ళు ఏళ్ళ తరబడి వేసుకున్నా గుణం లేదట. రోజంతా నిలబడి చేసే ఉద్యోగమట. అందం కోసం కాదు, కాళ్ళలో కొవ్వు పేరుకునే జబ్బు అని తెలిపే ఆనవాళ్ళన్నీ ఉన్నాయి. అన్న తల దించుకున్నాడు. అక్క అతన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"వినింది నువ్వే గదా. నోరు లేదా నీకు? కిటికీ తెరకి ఇంత రచ్చ చేస్తావే, ఈ యమ్మ కాలుకి ఒక మాట అడగొద్దా?"

అందరూ నవ్వారు. చెప్పనిది అన్న, తిట్లు నాకు. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా చెబితే ఇప్పటికీ వినడానికి సిద్ధంగా ఉన్నాను.

కాసేపటికి అక్క నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "అప్పీలు నువ్వే రాయి. ఎవురి మీదనైనా పిర్యాదు రాయాలంటే నిన్ను మించినోళ్ళు లేరు." మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో తెలియలేదు.

ముందు డాక్టరును అడిగి, ఆయన రాసిన లక్షణాలు ఆ జబ్బువేనని రూఢి చేసుకుని కోడు సరిదిద్దాం. తర్వాత నేను అప్పీలు రాశాను. ఒక కాలు తేలికగా, ఒక కాలు బరువుగా ఉన్న మనిషి మెట్లు ఎలా దిగుతుంది, రోజంతా ఏ కాలి మీద నిలబడుతుంది అని బస్సులో ఆలోచించుకుంటూ వచ్చి రాశాను. చాలా పొడుగు అయింది.

అక్క చదివి అడిగింది: "ఇది ఎవురికి రాసినావు?"

"కంపెనీకి అక్కా."

"కంపెనీకి మాదిరి లేదే. నాకు రాసినట్ల ఉండాది."

పెన్ను తీసి కొట్టేయడం మొదలుపెట్టింది. అన్యాయం అన్న మాట పోయింది. మానవత్వం పోయింది. ఆవిడ మెట్లు దిగలేకపోతోంది అని రాసిన వాక్యం దగ్గర ఆగింది. "ఇది నోట్లో ఉండాదా?"

"లేదు. కానీ అట్లనే ఉంటుంది గదా."

"డాక్టరు రాయలేదంటే మనకి తెలియదు. తీసెయ్."

నాకు ఏడుపొచ్చింది. కానీ కొట్టేయగా మిగిలింది చదివి చూస్తే, నొప్పి, కమిలిన మచ్చలు, మేజోళ్ళు, నిలబడి చేసే పని, ఒకదాని వెనక ఒకటి, కాదనడానికి వీల్లేకుండా ఉన్నాయి. అలా కొట్టేయడం నేను ఇప్పటికీ ఆమె అంత బాగా చేయలేను.

కంపెనీ మళ్ళీ కాదంది. నాకు ఒళ్ళు మండింది. మేం చెప్పిన ఒక్క విషయానికీ జవాబు లేదు, ముందు చెప్పిందే మళ్ళీ చెప్పారు. ఈ జబ్బు తెలిసిన డాక్టరు ఎవరైనా ఆ నోటు చదివారా, చదివితే ఏ మాట ఆయనకు తప్పుగా తోచింది అని అడుగుతూ ఇంకోసారి రాశాను. యజమాని ఇక చాలు, వేరే పని చూడమన్నాడు.

"ఈ పిల్లని ఆపితే మన మీద రాస్తాది సార్. పోనీండి" అంది అక్క.

ఈసారి అక్క ఒక్క మాట కూడా కొట్టేయలేదు. అలాగే పంపింది.

చాలా రోజుల తర్వాత ఒప్పుకున్నట్టు జవాబు వచ్చింది. మొదటి కాలికీ, చేయబోయే రెండో కాలికీ కూడా. నేను గట్టిగా చదివాను. అన్న లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. అక్క "సరి" అని తన పనిలో పడింది. ఇంకొక్క మాట అంటే ఏం పోయేది?

వేసవిలో ఆ రెండో కాలి ఆపరేషన్ నోటు వచ్చింది. అది నా చేతికి వస్తుందని ఆఫీసులో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అక్క దాన్ని అన్నకు ఇచ్చింది.

"అప్పీలు రాసింది నేను గదక్కా!"

"రాసినావు. నీకు వచ్చు. అన్నకే గదా ఇంకా రానిది."

అన్న నా వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రగానే ఉన్నాయి. "ఈ యమ్మ ఎడమ తొడ," అని మొదలుపెట్టి, ఎక్కడ కోశారో, ఎంత లోతున కొవ్వు ఉందో, పిక్క దగ్గర నరానికి తగలకుండా గొట్టాన్ని ఎలా తిప్పారో, ఒక్క మాట మింగకుండా అన్నీ చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ రెండు కాళ్ళ మీదా నిలబడి, అదే రోజు ఇంటికి వెళ్ళిందని కూడా చెప్పి ముగించాడు. నేను అడగడానికి ఒక్క సందేహం కూడా మిగల్లేదు.

అయినా ఆ నోటు నాకు ఇచ్చి ఉండాల్సింది.