చాందినీ స్టూడియోలో చెరిగిపోయిన మచ్చలు

మాచర్లలో చాందినీ స్టూడియో నుంచి బయటికొచ్చిన ఫొటోల్లో నలభై ఏళ్ళుగా ఎవరి ముఖం మీదా మచ్చ అన్నది లేదు. మొటిమలు, మశూచి గుంటలు, పై పెదవి మీది నూగు, ఏదైనా సరే షేక్ యాకూబ్ చెయ్యి దాటేది కాదు. నలుపు తెలుపు ఫొటోల కాలంలో ఆయన నెగటివ్ మీద సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దిద్దేవాడు. కంప్యూటర్ వచ్చాక మౌస్ పట్టాడు. ఆయన దిద్దిన ఫొటోలు చూసి కుదిరిన సంబంధాలు గురజాల నుంచి నరసరావుపేట దాకా ఉన్నాయి. పెళ్ళిచూపులకు వెళ్ళి అసలు మనిషిని చూసి నోరు వెళ్ళబెట్టినవాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి.

ఇంత పనిమంతుడి కడుపున పుట్టి షాహిస్తా చిన్నప్పటి నుంచీ అసలు సరుకు కోసమే పేచీ పెట్టేది. స్టూడియోలో గిరాకీల పక్కన నిలబెట్టే ప్లాస్టిక్ గులాబీల కుండీ అంటే ఆ పిల్లకు ఒళ్ళుమంట. ఎనిమిదేళ్ళప్పుడు ఓ రోజు ఆ గులాబీలు పీకేసి, ఊరి బయట నుంచి తెచ్చిన ఉత్తరేణి కొమ్మలు గుచ్చింది. ఆ మధ్యాహ్నం ఫొటోకు వచ్చిన కొత్త పెళ్ళికూతురి పట్టుచీరకు ఉత్తరేణి గింజలన్నీ అంటుకుపోయాయి. యాకూబ్ గంటసేపు కూర్చుని ఒక్కొక్కటే ఏరాడు. కూతురి వీపు కూడా ఆ పూటే విమానం మోత మోగింది.

వీపు మోగినా పిచ్చి వదల్లేదు. గుంటూరులో ఎమ్మెస్సీ బాటనీ చేసి, తిరిగి మాచర్లకే వచ్చి ఓ ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. ఆదివారం వస్తే చాలు, స్టూడియో కెమెరా మెళ్ళో వేసుకుని, తండ్రి నల్ల తెరగుడ్డ స్కూటీ డిక్కీలో కుక్కి గుట్టల మీదికి పోయేది. మొక్క వెనక నల్లగుడ్డ కట్టి, నాపరాళ్ళ మీద బోర్లా పడుకుని, గాలి ఆగేదాకా కదలకుండా ఉండి ఫొటో తీసేది. మనుషులకు లేని ఓపిక పిచ్చిమొక్కలకు ఎందుకని జనం నవ్వారు. గడ్డి మేడం అని పేరు పెట్టారు. ఆమె మటుకు ఆ పిలుపుకు పలికేది కూడా!

ఆమెకో నియమం ఉండేది. ఒక మొక్కను కొయ్యాలంటే దాని తోటివి చుట్టుపక్కల కనీసం ఇరవై ఉండాలి. పందొమ్మిదే ఉంటే ఫొటో తీసుకుని వచ్చేస్తుంది. కోసినదాన్ని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి ఆరబెట్టి, అట్టకు కుట్టి దాచేది. అలా ఆరువందల రకాలు పోగుచేసింది. ఆ ఆరువందల్లో చేరని ఒక్క మొక్క మాత్రం ఆమె ప్రాణం తోడేసింది.

అది 2011 ఆగస్టు. దుర్గి దాటాక ఒక గుట్ట మీద, ముళ్ళపొదలోకి పాకిన సన్నటి తీగకు బుడ్డి లాంతరు లాంటి పువ్వులు కనిపించాయి. కింద ఉబ్బెత్తుగా ఉండి, పైన సన్న గొట్టమై, కొసన ఐదు రేకులు ఒకచోట కలిసిన పువ్వు. సెరోపీజియా అనే తెగ మొక్క అని చూడగానే పోల్చింది. కానీ ఆ గొట్టం మీద వంకాయరంగు మచ్చలున్నాయి, రేకుల అంచున తెల్లటి నూగు ఉంది. తనకు తెలిసిన ఏ పుస్తకంలోనూ అవి రెండూ ఉన్న పువ్వు లేదు. లోకంలో ఇంతవరకూ ఎవరూ రాయని మొక్క తన కళ్ళముందు ఊగుతోందని తట్టగానే ఆమె ముళ్ళపొద చుట్టూ తిరిగి తీగలను లెక్కబెట్టింది.

ఉన్నవి నాలుగే తీగలు. కొయ్యలేదు. ఫొటోలు తీసి, మచ్చల గురించీ నూగు గురించీ వివరంగా రాసి, ఈ తెగ మొక్కల్లో ఆరితేరిన ఆచార్య పుల్లారావు గారికి పంపింది. ఇంటర్నెట్ ఉన్నది స్టూడియోలోనే కనుక ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించిందీ, మెయిల్‌లో పెట్టిందీ యాకూబే.

పుల్లారావు గారు ఉత్తరంతో సరిపెట్టలేదు. ఆ డిసెంబరులో ఆమె కూడా వెళ్ళిన ఒక సెమినార్‌లో, వందమంది ముందు ఆమె ఫొటోను తెర మీద వేశారు.

"అమ్మాయీ, నీ రాతలో మచ్చలున్నాయి, నూగుంది. నీ ఫొటోలో రెండూ లేవు. ఇది మామూలు మొక్కే. పేరు కోసం ఆశపడితే కళ్ళకు లేనివన్నీ కనిపిస్తాయి. ముందు కళ్ళజోడు మార్చుకో," అన్నారు. హాలంతా నవ్వింది.

షాహిస్తా తెర వంక చూసింది. నిజంగానే పువ్వు నున్నగా, తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది. గిరాకీల ముఖాలు దిద్దడమే చూసి పెరిగిన మనిషి కనుక, పువ్వు ఫొటోను కూడా ఎవరైనా దిద్దుతారన్న ఆలోచనే ఆమెకు రాలేదు. కెమెరా కార్డులోని ఫొటోలు ఎప్పుడో చెరిపేసింది. తన కళ్ళనే అనుమానించింది. పొద మీది నీడలను మచ్చలనుకున్నానేమో, సాలెగూడును నూగు అనుకున్నానేమో అని కుమిలిపోయింది. తర్వాతి రెండు వానాకాలాలూ ఆ గుట్టకు వెళ్ళింది. అక్కడ గుంటలున్నాయి గానీ తీగలు లేవు. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పడం మానేసింది. సొంత లాప్‌టాప్ కొనుక్కుని, ఫొటోలు తీసి తనలో తనే దాచుకుంది. అలా పదకొండేళ్ళు గడిచాయి.

2022 జూలైలో లాప్‌టాప్ రిపేరుకు పోవడంతో ఆమె కెమెరా కార్డు స్టూడియోలో ఇచ్చి కాలేజీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి యాకూబ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కంప్యూటర్ ముందున్నాడు. తెర మీద ఆమె తీసిన తుమ్మిపూలున్నాయి. వాటి మీద పాకుతున్న చీమను ఆయన మౌస్‌తో మెల్లగా తుడిచేస్తున్నాడు.

ఇంట్లో ఉర్దూ, స్టూడియోలో తెలుగు మాట్లాడుకోవడం ఆ తండ్రీకూతుళ్ళకు అలవాటు.

"అబ్బాజాన్, ఏంది చేస్తున్నావు?"

"చీమొకటి పడింది బేటీ. తీసేస్తున్నా. ఆకుమీద చుక్కలు కూడా తీసేశా, చూడు ఎంత నీటుగా ఉందో," అన్నాడాయన మురిసిపోతూ.

షాహిస్తా తెర దగ్గరికి వంగింది. "అప్పుడు... ఆ లాంతరు పువ్వు కూడా తుడిచావా?"

"తుడవక? అంత పెద్ద సారుకు పంపుతున్నావు గదా! ఒళ్ళంతా మచ్చలు, అంచున మీసాలు. చానా కష్టపడ్డా దానికి. రెండు గంటలు పట్టింది."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. మొదట పట్టలేనంత కోపం వచ్చింది. ఆ వెంటనే పగలబడి నవ్వు వచ్చింది. ఆ రెండూ దాటాక ఏడుపు వచ్చింది. మచ్చలు ఉన్నాయి! తన కళ్ళు నిజమే చూశాయి! విషయం మొత్తం అర్థమయ్యాక యాకూబ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. తన బిడ్డను వందమందిలో నవ్వులపాలు చేసింది తన చెయ్యే అని తెలిసి ఆ పెద్దాయన చిన్నపిల్లాడిలా వెక్కాడు. మర్నాడు శుక్రవారం కాదు, పండగా కాదు, అయినా చాందినీ స్టూడియో తెరుచుకోలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన కెమెరా సంచి భుజాన వేసుకుని, కూతురి స్కూటీ వెనక ఎక్కి గుట్టకు బయల్దేరాడు.

ఆ నెలలో నాలుగుసార్లు వెళ్ళారు. ఒక్క తీగా దొరకలేదు. అయిదోసారి అక్కడ గొర్రెలు మేపుకుంటున్న జక్కయ్య అనే కాపరిని ఆపి, షాహిస్తా కాగితం మీద ఆ పువ్వు బొమ్మ గీసి చూపించింది. ఇన్నేళ్ళలో గుట్ట మీద తిరిగే మనిషిని ఒక్కమాట అడగాలని తనకు తోచనందుకు ఆమె తర్వాత చాలాసార్లు తనను తనే తిట్టుకుంది.

జక్కయ్య బొమ్మ చూసి నవ్వాడు. "ఇదా? దీని గడ్డలు మేమే తిన్నాం గదమ్మా! పచ్చిగా తింటే దోసకాయలాగ ఉంటయ్."

షాహిస్తా బొమ్మ గీసిన కాగితం కిందికి దించేసింది. యాకూబే తేరుకుని, "ఒక్కటి కూడా మిగల్చలేదా అయ్యా?" అన్నాడు దీనంగా.

జక్కయ్య ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. నొసటి మీద అడ్డంగా ఉన్న పాత మచ్చను గోక్కున్నాడు. "ఉన్నయ్. అవి కరువు గడ్డలు. వానలు తప్పిన ఏడాది పిల్లలకు అవే దిక్కు. మంచి కాలంలో గుట్ట వెనక వాలు మీద చెయ్యి పెట్టగూడదని మా తాతల కాడి నుంచీ కట్టు. బయటోళ్ళకు చూపించం. ఇయ్యాల మీకు చూపిస్తే రేపు పదిమందొచ్చి పీక్కుపోతారు."

"నేను ఇరవై ఉంటేనే ఒకటి కోస్తా జక్కయ్యా. పందొమ్మిదుంటే ముట్టుకోను. కావాలంటే నువ్వే లెక్కబెట్టు."

జక్కయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "నీకెవరు చెప్పారమ్మా ఆ కట్టు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే పెట్టుకున్నా."

"అయితే మావోళ్ళ మనిషివే. పదండి," అని గొర్రెలను కొడుక్కు అప్పగించి ముందు నడిచాడు.

గుట్ట వెనక వాలు మీద, ముళ్ళకంపల మధ్య తీగలు కనిపించాయి. జక్కయ్య గొర్రెలను లెక్కపెట్టినట్టు జతలు జతలుగా ఎంచుతూ పోయాడు. ఏడు జతల దగ్గర ఆగి వెతికాడు. తొమ్మిది జతల దగ్గర మళ్ళీ ఆగాడు. ఇంకో రెండు దొరక్కపోతే షాహిస్తా ఉత్త చేతులతో దిగిపోవలసిందే, దిగిపోతుంది కూడా. జక్కయ్య ఒక బండ ఎక్కి అవతలికి తొంగి చూశాడు.

"ఈడ మందకు మందే ఉందమ్మో!" అని కేకేశాడు. మొత్తం పదిహేడు జతలు తేలాయి.

షాహిస్తా ఆ ముళ్ళలోనే మోకాళ్ళ మీద కూలబడి పువ్వు దగ్గరికి ముఖం పెట్టింది. వంకాయరంగు మచ్చలు. తెల్లటి నూగు. పదకొండేళ్ళ నవ్వులకు ఆ చిటికెడు పువ్వు బదులు చెప్పినట్టయింది. ఒళ్ళు తెలియని సంతోషంతో ఆమె జక్కయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

ఒక్క తీగ కోసింది. ఫొటో మాత్రం యాకూబ్‌ను తియ్యమంది. కూతురు నల్లగుడ్డ పట్టుకుంటే ఆయన కళ్ళజోడు నొసటికి ఎక్కించి, జీవితంలో మొదటిసారి నేల మీద బోర్లా పడుకున్నాడు. ఒక్కో మచ్చనూ, ఒక్కో నూగు పోగునూ లెక్కబెట్టుకోవచ్చు అన్నంత స్పష్టంగా తీశాడు. పువ్వు మీద వాలిన ఈగతో సహా తీశాడు.

ఆరబెట్టిన తీగ, స్పిరిట్‌లో వేసిన పువ్వులు, ఎవరూ చెయ్యి పెట్టని ఫొటోలు పుల్లారావు గారికి అందిన నాలుగోరోజు ఫోన్ మోగింది.

"షాహిస్తా గారూ, ఆరోజు మిమ్మల్ని కళ్ళజోడు మార్చుకోమన్నాను. మార్చుకోవలసింది నేను. నేను ఓడిపోయానమ్మా, ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు," అన్నారాయన. తర్వాత తనంతట తానే ఒక సెమినార్ పెట్టించి, ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, వందమంది ముందూ ఆ మాటే మళ్ళీ అన్నారు. ఈసారి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఏడాది తర్వాత ఆ మొక్క కొత్త జాతిగా పత్రికలో అచ్చయింది. గుట్ట పేరు మాత్రం అందులో లేకుండా షాహిస్తా జాగ్రత్తపడింది. ఫొటో కింద షేక్ యాకూబ్ అని పడింది. ఆ పేజీని ఆయన ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఇక మొక్కకు పెట్టిన పేరు తండ్రిదీ కాదు, పుల్లారావు గారిదీ కాదు. లాటిన్ తోక తగిలించుకుని జక్కయ్య పేరు లోకంలోకి వెళ్ళింది.

ఆ కబురు చెప్పడానికి ఆమె గుట్టెక్కింది. జక్కయ్య చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

"నేను తిన్నదానికి నా పేరు పెట్టారా?"

"నువ్వు తినకుండా ఉంచినదానికి పెట్టాం."

ఆ మాటకు ఆయన కళ్ళు తడిశాయి. ఆ వారంలోనే ఒక కొత్త తలపాగా చుట్టుకుని, పొట్టేలును వెంటబెట్టుకుని చాందినీ స్టూడియోలో దిగాడు. పొట్టేలు ప్లాస్టిక్ గులాబీలను కొరికి చూసి ఉమ్మేసింది. యాకూబ్ ఫొటో తీసి కంప్యూటర్‌లో వేశాడు. ముఖం పెద్దది చెయ్యగానే నొసటి మీది మచ్చ అడ్డంగా కనిపించింది. నలభై ఏళ్ళ అలవాటు, ఆయన చెయ్యి తనంతట తానే మౌస్ మీదికి పోయింది. పక్కన కూతురు నిలబడి చూస్తోంది. యాకూబ్ మౌస్ వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీసి ఇచ్చాడు.

జక్కయ్య దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళి నిదానంగా చూశాడు.

"నా పెళ్ళినాడు కూడా నువ్వే తీశావయ్యా ఫొటో. ఈ మచ్చ లేకుండా ఇచ్చావు. అప్పటినుంచీ మా ఆడది గోడ మీద దాన్ని చూపించి, ఈ అందగాడు యాడికి పోయాడని నన్ను అడుగుతానే ఉంది," అన్నాడు. ఫొటోను తలపాగా కొంగుతో తుడిచి, చంకలో భద్రంగా పెట్టుకున్నాడు. "ఇంటికి పోయి చెప్తా, వచ్చాడని."