మా మామ ఇచ్చిన పెనాల్టీ

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా మేనమామ పోయాడు. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఒరిగాడట. అంతే. మేముండే భివండీలో శుక్రవారం సాంచాలకు సుట్టి, అంటే సెలవు. మరమగ్గాల చప్పుడు లేని రోజు మాకు అదొక్కటే. అందుకని అత్త ఏడుపు గల్లీ చివరి దాకా వినబడింది. ఏడుస్తూనే అత్త ఒక మాటంది. "సుట్టి దినమే చూస్కొని పోయిండు సూడుండ్రి. ఎవ్వల పని ఆగొద్దని!" వచ్చినవాళ్లలో సగం మంది నవ్వారు, సగం మంది ఏడ్చారు. నేను రెండూ చేశాను.

మామ గురించి చెప్పాలంటే ఫుట్‌బాల్ గురించి చెప్పాలి. ముక్కు విరిచేవాళ్లు విరవండి, నాకేం. మనవాళ్లకు ఆటంటే క్రికెట్టే కదా. మామకు మాత్రం అది పడేది కాదు. "దినమంత నిలబడుడు మనకు కార్ఖానల ఉన్నదే గదనే బిడ్డా, ఆటల గుడ నిలబడుడేనా?" అనేవాడు. శాంతి నగర్‌లో సాంచాలు బాగుచేసే జాబరు పని ఆయనది. ఆరు రోజులు చేతులకు నూనె, ఏడో రోజు మెడలో ఈల. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మా కార్ఖానాల పిల్లలకూ, పక్క పేట గైబీ నగర్ పిల్లలకూ మైదానంలో ఆట ఉండేది. రెఫరీ ఎప్పుడూ మామే. మమ్మల్ని చూసి గైబీ నగర్ వాళ్లు కూడా ఆయన్ను 'మామూ' అనే పిలిచేవారు.

టీవీలో మ్యాచ్ వస్తే మామ ఉండే ఒంటిగది ఖోలీలో కాలు పెట్టే జాగా ఉండేది కాదు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది మా బాపు. బావా బామ్మర్దులు ఒకరి పక్కన ఒకరు కూర్చొని ఒకే గిన్నెలో ఫుటానాలు, అదే వేయించిన శనగలు, తింటూ కొట్లాడుకునేవారు. కొట్లాటంతా వీడియో రెఫరీ గురించే. బాపుకు అదంటే ప్రాణం. "కండ్లు మోసం చేస్తయ్ బామ్మర్దీ, వీడియో చెయ్యది," అనేవాడు. మామకు ఒళ్లు మండేది. గోల్ పడ్డాక, వీడియో చూసేవాళ్లు ఏం చెబుతారోనని రెఫరీ చెవి మీద వేలు పెట్టుకొని నిలబడితే, పైకి లేచినవాళ్లందరూ చేతులు గాల్లో ఉంచి ఆగిపోవాలి. "సంబురపడేతందుకు గుడ పర్మిషన్ గావాల్నా? గిదేం ఆట బావా!" అని టీవీ మీదికి లేచేవాడు.

ఇక హ్యాండ్‌బాల్ వచ్చిందంటే అత్త చాయ్ గిన్నె దించేసి బయటికి పోయేది. బంతి చేతికి తగిలిందా, చేయే బంతి దగ్గరికి పోయిందా, చేయి సహజంగా ఉండి తప్పు లేనట్టా, కావాలని చాపినట్టా, అసలు భుజం ఎక్కడ అయిపోతుంది, చేయి ఎక్కడ మొదలవుతుంది! ఒకసారి బాపు ఎంత చెప్పినా వినకపోతే, మామ బట్ట మీద గుర్తు పెట్టే నీలి చాక్‌పీసు తెచ్చి బాపు కొత్త అంగీ మీద చంక దగ్గర గీత గీశాడు. "గీడిదాంక భుజం. దీని కిందంత చెయ్యి. ఇగ మరువకు." అత్త గడపలో నిలబడి చూసింది. "బట్ట నేసేటోళ్లు గదయ్యా మీరు! బట్ట మీద గింత గుడ కనికరం లేదా?" ఆ గీత ఎన్ని ఉతుకులకూ పోలేదు. బాపు ఆ అంగీ పెళ్లిళ్లకు కూడా తొడుక్కొని పోయేవాడు, మా అమ్మ ఎంత తిట్టినా సరే.

పోయిన ఎండాకాలం జరిగిన మ్యాచ్ సంగతి చెప్పాలి.

దానికి ముందు మా చేతుల సంగతి తెలియాలి. కార్ఖానాలో సాంచాలు నడుస్తుంటే పక్కవాడు అరిచినా వినబడదు. అందుకని అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. అరచేయి పైకెత్తితే సాంచా ఆపమని. ఇది ఎంత అలవాటంటే, మా తమ్ముడు ఇంట్లో పప్పు చాలన్నా నోరు తెరవడు, అరచేయే ఎత్తుతాడు. ఆ రోజు తమ్ముడు మా జట్టులో వెనక ఆడుతున్నాడు. మా గోల్ కాసేవాడు ముందుకు ఉరికి వస్తున్నాడని చూసి, వాణ్ని 'ఆగు' అన్నట్టు అరచేయి ఎత్తాడు. బంతి వచ్చి సరిగ్గా ఆ చేతికే తగిలింది.

మామ దూరంగా ఉన్నాడు, మధ్యలో నలుగురు అడ్డం. ఈల ఊదలేదు. గైబీ నగర్ వాళ్లు ఒక్కసారిగా ఆయన్ను చుట్టుముట్టారు. సీజన్ ఆఖరి మ్యాచ్, ఇద్దరికీ చెరో గోల్. అంతకుముందు నుంచే వాళ్లలో కొందరు గొణుగుతున్నారు, రెఫరీ వాళ్ల మామే కదా అని. ఆ మాట మామ చెవిన పడింది. చుట్టాల వైపు మొగ్గాడని ఒక్కసారి పేరొస్తే ఆ ఈల మళ్లీ ఊదేవాడు కాదు, నాకు తెలుసు. వాళ్ల కెప్టెన్ ఒక్కసారి చూడమంటూ ఫోన్ పట్టుకొని వచ్చాడు. "మామూ, వీడియో హై. ఏక్ బార్ దేఖో."

అప్పుడు మైదానం గీత అవతలి నుంచి అరిచింది ఎవరనుకున్నారు? మా బాపు! "సూడకు బామ్మర్దీ! ఈల ఊదలే, అయిపోయింది! వీడియో గీడియో నడ్వది!" జన్మంతా వీడియో కోసం కొట్లాడిన మనిషి. నవ్వలేక చచ్చాను.

మామ బాపు వైపు చూశాడు. "బావా, నా కండ్లకు వాడు అక్క కొడుకు. ఫోనుకు చుట్టరికం లేదు," అని ఫోన్ తీసుకున్నాడు. కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత ఆ చేయి ఏమంటోందని గైబీ నగర్ కెప్టెన్‌నే అడిగాడు, "ఇస్కా హాథ్ క్యా బోల్ రహా హై?" వాడూ సాంచా నడిపేవాడే. ఆగమంటోందని చూసీ చూడగానే చెప్పేశాడు, "రుక్నే కో బోల్ రహా హై, మామూ."

"సూసిండ్రా?" అన్నాడు మామ అందరివైపూ తిరిగి. "సాంచా నడిపేటోనికి చెయ్యి గట్ల లేసే ఉంటది. మనకు గదే సహజం. గా రూలు రాసినోడు కార్ఖానల పని చేస్తే తెలుస్తుండె." మా వాళ్లు గంతులేశారు. బాపు ఈల వేశాడు. మామ అందరినీ గంతులేయనిచ్చి, గోల్ ముందు చుక్క వైపు చేయి చూపించాడు. "అయినా చెయ్యి చెయ్యే. పెనాల్టీ."

వాళ్లు గోల్ కొట్టారు, మేము ఓడిపోయాం. బాపు మండిపడ్డాడు. "సొంత మేనల్లున్ని ముంచినవ్ గదనే!" మామ చెమట తుడుచుకుంటూ, "ఇంటికాడ మేనల్లుడు. గీడ నాలుగో నంబరోడు," అన్నాడు. బాపు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే రోజూ పోయి ఫుటానాలు తిని వచ్చాడు. నాకు మాత్రం ఆ రోజు మామను చూస్తే గర్వమనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే.

మామ పోయిన తర్వాతి శుక్రవారం మళ్లీ ఆట పెట్టారు. రెఫరీగా ఉండమంటే ఎవరూ ముందుకు రాలేదు. రెఫరీ లేకుండానే మొదలుపెట్టారు. కాసేపటికి గైబీ నగర్ గోల్ దగ్గర గుంపులో బంతి ఎగిరింది. మాకెవరికీ ఏమీ కనబడలేదు. వాళ్ల కెప్టెన్ మాత్రం ఆగిపోయి, బంతి తగిలిందంటూ తన మోచేయి చూపించాడు. "లగా. మేరే కో లగా."

"అరే, నేచురల్ థా!" అన్నాడు మా తమ్ముడు. మా వాళ్లందరూ అదే పాట. బాపు లుంగీ ఎగ్గట్టుకొని మైదానంలోకే ఉరికాడు. "పెనాల్టీ గాదు! చెయ్యి పక్కకే ఉండె, నేను సూసిన!" వాళ్లు తప్పు ఒప్పుకుంటుంటే మేము కాదని కొట్లాడుతున్నాం. ఇట్లాంటి పంచాయితీ ఏ టీవీలోనూ చూడలేదు నేను.

కెప్టెన్ బాపు భుజం మీద చేయి వేశాడు. "బాబూజీ, మామూ హోతా తో దేతా."

మామ ఉంటే ఇచ్చేవాడే. బాపు లుంగీ దించి సర్దుకొని, నిటారుగా నిలబడి, గోల్ ముందు చుక్క వైపు చేయి చాపాడు. "పెనాల్టీ!" అని అరిచాడు, గొంతు పగిలిపోయేలా. తమ్ముడు బంతి తీసుకొని చుక్క మీద పెట్టాడు. చప్పట్లు ముందు కొట్టింది గైబీ నగర్ వాళ్లు.