ఎదురెండలో తీసిన ఫొటో

ఈ అరబ్బు దేశంలో, సులైబియాలో మా గోడౌను వెనక గోడ దాటితే ఇక ఎడారే. చెట్టూ లేదు, పుట్టా లేదు. దాన్ని ఫొటో తీయడానికి దేవదానం అన్న రోజూ పొద్దుగూకే వేళకి పరిగెత్తేవాడు. ఫోర్క్‌లిఫ్ట్ తాళాలు నా చేతిలో పడేసి, బస్సు వచ్చేలోగా పది నిమిషాలు అక్కడే ఉండేవాడు. కొత్త ఫోను కొన్నాక మరీను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అని ఏడిపించేవాళ్లం.

కోనసీమ మనిషి. "మా ఊళ్లో సూరీడు కొబ్బరాకుల్లో చిక్కడిపోతాడ్రా రాబినూ. ఇక్కడైతే నేల దాకా దిగుతాడు, ఆపేవోడు లేడు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. పన్నెండు గంటలు తిన్న ఇసక చాలక దానికి ఫొటో కూడానా అనేవాణ్ణి. నవ్వేసి ఆ ఫొటో రుమైథియాకి పంపేవాడు. అక్కడ ఓ ఇంట్లో వాళ్లావిడ కరుణమ్మ వంటపని చేస్తుంది. ఆ వంటగదికి కిటికీ లేదు. ఒకే దేశంలో ఉండీ వాళ్లు కలుసుకునేది నెలకో శుక్రవారం, చర్చిలో. అక్కడి గుంపు ఫొటోల్లో కూడా అన్న తీసేవాడే గానీ పడేవాడు కాదు.

డిసెంబరులో ఓ సాయంత్రం ఫోను నా చేతికిచ్చాడు.

"ఎప్పుడూ ఇసకేనా, మీ మొహం పంపండి అంటంది మీ వదిన. ఒకటి తియ్యరా."

వెనక ఎర్రటి ఆకాశం పడాలని సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాడు. తీశాను. చూసుకున్నాడు.

"మొహం నల్లగా పడిందిరా. ఇటు తిరుగుతాను, ఇంకోటి తియ్యి."

"బస్సెల్లిపోద్దన్నా. ఖలాస్, రేపు చూద్దాం."

మర్నాడు దుమ్ము లేచింది. ఆ మర్నాటికి నేను మర్చిపోయాను. అన్న మళ్లీ అడగలేదు, అడిగే రకం కాదు. తొమ్మిదో రోజు పొద్దున్న ఫర్వానియాలో మా గదిలో మంచం మీంచి లేవలేదు. గుండె ఆగిందన్నారు.

పెట్టె విమానం ఎక్కింది. వదినకి వెంట వెళ్లే వీలు దొరకలేదు. నేను ఏడవలేదు. డ్యూటీకి వెళ్లాను, వచ్చాను, అన్నం తిన్నాను. ఉప్పుందో లేదో తెలిసేది కాదు.

అన్న జ్ఞాపకంగా ఆదరణ కూడిక మా గదిలోనే పెట్టుకున్నాం. బల్ల మీద పెట్టడానికి ఫొటో కావాలి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద ఉన్నది పన్నెండేళ్ల కిందటి మనిషి. అన్న ఫోనులో ఆరు వందల పైచిలుకు సాయంత్రాలున్నాయి, తన మొహం ఒక్కటీ లేదు. మనిషి ఉన్నది నేను తీసిన దాంట్లోనే.

తను వంట చేసే ఇంటి యజమానురాలు, ఆ మామా, రెండు గంటలు సెలవిస్తే వదిన వచ్చింది. చూపించాను. మొహం మీద వేళ్లు పెట్టి పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఫోనంతా నలుపే నిండింది.

"ఎవరు తీశారు?"

"నేనే వదినా."

"ఇంకోటి తియ్యకపోయావా, రాబినూ."

"బస్సు టైమైపోయింది వదినా" అన్నాను.

తలూపింది. ఆ రోజు బస్సు అరగంట ఆలస్యంగా వచ్చిందనీ, అంతసేపూ గోడ పక్కన ఇద్దరం ఊరికే కూర్చున్నామనీ చెప్పలేదు.