వాన ఎక్కడి దాకా వచ్చింది

నా క్లాసులో నిద్రపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మధ్యాహ్న భోజనం తర్వాత వచ్చే మొదటి పీరియడ్ నా నెత్తినే పడింది. కడుపునిండా తిని వచ్చిన పదో తరగతి పిల్లలకు సోషల్ చెప్పడం ఎట్లా ఉంటుందో చెప్పినవాళ్లకే తెలుసు. ఫ్యాను కిర్రుమంటుంది, ఒక్కో తలా మెల్లగా వాలుతుంది. నేను సుద్దముక్క విసరను, కొట్టను. కునుకు తీసినవాళ్లను బోర్డు దగ్గరికి పిలిచి, మిగతా పాఠం వాళ్లతోనే చదివిస్తాను. పిల్లలు వెనక నన్ను కోపిష్టి మేడమ్ అంటారని తెలుసు. అననీ. నేను పాఠం చెబుతుంటే ఎవరికీ నిద్ర రాకూడదని నా పంతం.

మా బడి శంషాబాద్ పక్కన, విమానాలు దిగే దారి కింద ఉంటుంది. విమానం కిందికి వచ్చిందంటే కిటికీ రెక్కలు సన్నగా అదురుతాయి. పక్కవాళ్ల మాట కూడా వినబడదు. అందుకని మా బడిలో అందరికీ ఒక అలవాటు ఉంది. మోత మొదలవగానే ఎక్కడి మాట అక్కడే ఆపేస్తాం. సుద్దముక్క బోర్డు మీదే ఉండిపోతుంది. నీడ గ్రౌండు మీదుగా జారుకుంటూ వచ్చి, గోడ ఎక్కి, అవతలికి దాటిపోతుంది. ఆ తర్వాత వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మళ్లీ మొదలుపెడతాం. ఆ కాస్త సేపు నాకు ఎంతో ఇష్టం. బడంతా నీళ్లలో మునిగి తేలినట్టు ఉంటుంది. ఆ అలవాటు నా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, అత్తాపూర్‌లో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లినప్పుడు మిక్సీ మోత విన్నా నోరు మూసుకుంటాను.

"ఏందే, మాట్లాడుకుంట మాట్లాడుకుంట బంద్ అయితవు?" అని చిన్నమ్మ నవ్వుతుంది.

మా ఆయన నాకు మేనబావే. నారాయణపేట దిక్కు పల్లెటూరు, వ్యవసాయం ఇల్లు. ఊళ్లో పొలం దున్నిన ట్రాక్టర్ అనుభవంతోనే ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సామాన్ల ట్రాలీలు లాగే ట్రాక్టర్ మీద కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ. పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు వచ్చేవాడు, నేను బడినుంచి వచ్చాక కాసేపుండి వెళ్లేవాడు. సాతంరాయిలో కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో మేము ఒకరికొకరు చుట్టాల్లా ఎదురుపడేవాళ్లం. అయినా ఆ పొద్దున్నలు నాకు బాగుండేవి. అతని చొక్కాకు ఇంధనం వాసన, నా చేతులకు కొత్తిమీర వాసన. ఇద్దరం సగం నిద్రలోనే చాయ్ తాగేవాళ్లం.

సంగతేమిటంటే, బావకు పగలు నిద్ర పట్టేది కాదు. ఎండాకాలం మొదలయ్యాక అది మరీ ముదిరింది. కిటికీకి దుప్పటి కట్టాం, పాలు తాగించాను, తలకు నూనె పెట్టాను. దవాఖానకు పోతే గోళీలు ఇచ్చారు. వేసుకుంటే డ్యూటీలోనూ మత్తుగా ఉంటోందని మానేశాడు. నేను బడినుంచి వచ్చేసరికి మంచం మీద కళ్లు తెరుచుకునే ఉండేవాడు.

జూన్‌లో బడులు తెరిచిన కొత్తలో ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"నిన్న విమానం రెక్క పక్కకెల్లి ట్రాక్టర్ తిప్పుతుంటే కండ్లు మూతపడ్డయి. బ్రేక్ మీద కాలున్నది గాబట్టి సరిపోయింది. ఇగ నాతోని కాదు. ఒకటో తారీఖు సార్‌కు చెప్పేస్త. ఊరికి పోయి అన్నతోని బర్లు చూస్కుంట."

"మరి నేను?"

"నీ బడి ఈడనే ఉన్నది గదా. ఐతారం ఐతారం వస్త."

ఐతారం మొగుడు ఎవరికి కావాలి! పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. చిర్రెత్తుకొచ్చింది, గిన్నెలు గట్టిగా తోమాను. కానీ నిజానికి అది కోపం కాదు, భయం. ఉద్యోగం మానొద్దని అనడానికి నోరు రాలేదు. రెక్క కింద అతని కళ్లు మూతపడటం నాకూ కనిపిస్తూనే ఉంది. మేమిద్దరం ఒక ఇంట్లో ఉండాలంటే అతనికి నిద్ర పట్టాలి. అంతకన్నా వేరే దారి లేదు.

తర్వాత ఒకరోజు బావ పొద్దున ఇంటికి రాలేదు. ఎవరో రాకపోతే డ్యూటీ మధ్యాహ్నం దాకా పొడిగించారట. ఎదురుచూసి చూసి బడికి ఆలస్యమవుతుంటే తాళం వేసి బయటపడ్డాను. తాళంచెవిని పక్కింట్లో ఇవ్వాల్సింది, పరధ్యానంలో బ్యాగులోనే వేసుకున్నాను. ఉన్నది ఒక్కటే చెవి.

ఆ మధ్యాహ్నం నేను రుతుపవనాల పాఠం చెబుతున్నాను. అది వరసలో ఇంకా వెనక ఉంది. కానీ వాన కోసం అందరూ ఆకాశం వైపు చూసే రోజుల్లోనే ఆ పాఠం చెప్పాలని నా పట్టుదల. సముద్రం మీద గాలి తేమను నింపుకుని కేరళ వైపు బయలుదేరుతోంది. అప్పుడు గుమ్మంలో బావ కనిపించాడు. దుమ్ము పట్టిన యూనిఫాం, ఎర్రటి కళ్లు. తాళం తిప్పినట్టు వేళ్లతో సైగ చేశాడు. పాఠం మధ్యలో ఎవరైనా అడ్డొస్తే నేను ఎట్లా మండిపడతానో అతనికి బాగా తెలుసు. అందుకే వెనక గుమ్మంలోంచి వచ్చి చివరి బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు. ఈ ఒక్క మాట పూర్తిచేసి చెవి ఇద్దామనుకున్నాను. బ్యాగులో వెతికి తలెత్తేసరికి, బెంచీ మీద చేతులు మడిచి, వాటి మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.

పిల్లలందరూ వెనక్కి తిరిగారు. ఒక్కరూ నవ్వలేదు. నేను పాఠం కొనసాగించాను. ఇంతలో విమానం మోత మొదలైంది. అలవాటు కొద్దీ ఆగిపోయాను. బావ కదిలాడు. తల కొంచెం పైకెత్తాడు. చివరి బెంచీ ముందు కూర్చునే అమ్మాయి రెండు చేతులూ ఊపుతూ, పెదవులతోనే చెప్పింది.

"ఆపకుండ్రి మేడమ్! సారు లేస్తుండు!"

విమానం నెత్తిమీద ఉండగా నేను మళ్లీ మొదలుపెట్టాను. నా మాట నాకే వినబడటం లేదు. పిల్లలకు వినబడే ప్రశ్నే లేదు. అయినా చెప్పాను. పడమటి కనుమలు గాలికి అడ్డం నిలబడతాయని, మేఘాలు కొండ ఎక్కుతాయని చెబుతూనే ఉన్నాను. బావ తల మళ్లీ వాలింది. నీడ మా బడి మీదుగా దాటిపోయింది. ఎప్పుడూ ఆగని పిల్లల గుసగుసలు ఆ రోజు ఆగాయి. పెన్ను కింద పడబోతే ఒకడు గాల్లోనే పట్టుకున్నాడు. ఆ పీరియడ్ ఇప్పటికీ నాకు కలలో జరిగినట్టే ఉంటుంది.

గంట కొట్టారు. లెక్కల సారు లోపలికి వచ్చి "నిన్నటి లెక్క ఎవరు చేసిండ్రు?" అన్నాడో లేదో, బావ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. అప్పుడు పగలబడి నవ్వారు పిల్లలు.

వరండాలో చెవి చేతిలో పెడుతూ అడిగాను.

"అంత చప్పగ చెప్తున్ననా పాఠం?"

"చప్పగ గాదే. గింత మంచిగ ఎన్నడు పండుకోలె. నువ్వు చెప్తుంటే ఎవరో కావలి ఉన్నట్టు అనిపించింది. ఇగ నేను చూస్కునే పని లేదు అనుకున్న."

రాత్రంతా రెక్కలు తగలకుండా, చక్రాలు తప్పకుండా చూసుకునే మనిషి అతను. ఇంట్లో పడుకున్నా ఆ చూపు ఆగడం లేదన్నమాట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పంతానికి కొంచెం దెబ్బ తగిలిన మాట కూడా నిజమే.

మర్నాడు పొద్దున బావ పడుకోగానే మంచం పక్కన నేల మీద కూర్చుని, బీరకాయలు తరుగుతూ, ఆ రోజు పాఠం పైకే చెప్పాను. మొదట సిగ్గేసింది. గోడ అవతలినుంచి ఇంటి ఓనరమ్మ అడిగింది.

"ట్యూషన్ చెప్తున్నవా అమ్మా?"

"అవునత్తా, ఒక్కడే పిల్లగాడు," అన్నాను.

రోజూ రుతుపవనాలే కావాలనేవాడు బావ. మిగతా పాఠాలు మొదలుపెడితే కళ్లు తెరిచి ప్రశ్నలడిగేవాడు. ఇంటి మీదుగానూ విమానాలు పోతూ ఉండేవి, నేను ఆపేదాన్ని కాదు. గాలి సముద్రం దాటేలోపు అతని చేతివేళ్లు వదులయ్యేవి. కనుమలు ఎక్కేలోపు గురక. ఆ తర్వాత నేను తలుపు దగ్గరేసి బడికి వెళ్లినా తెలిసేది కాదు. వాన తెలంగాణలోకి అడుగుపెట్టేది చాలాసార్లు వాళ్ల ఊరి దిక్కునుంచే. ఆ ముక్క అతను ఒక్కసారీ వినలేదు.

ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమంటాడోనని భయం. ఒకటో తారీఖు దగ్గరపడుతుంటే క్లాసులో చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కున్నాను.

నెలాఖరు పొద్దున బావ వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం మీద ఒరిగాడు. ఇక ఆగలేకపోయాను.

"బావా, రేపు ఒకటో తారీఖు. మీ సార్‌కు ఏం చెప్తవ్?"

అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. చెయ్యి చాచి నా జడ కొస పట్టుకున్నాడు.

"సార్‌కు చెప్పేదేం లేదు గని, నిన్న వాన యాడి దాక వచ్చింది? ఆడికెల్లి చెప్పు."

పడమటి కనుమల దగ్గర మొదలుపెట్టాను. పైన విమానం వస్తోంది. కళ్లు తుడుచుకున్నాను కానీ చెప్పడం ఆపలేదు. ఆపితే లేస్తాడు.