మునగకాడ ఈరోజు దిగుతాడా

నా కాళ్ళకు కట్టుకున్న ప్యాడ్లు నా చేతే విప్పించి, వాటిని ఇంకొకడి కాళ్ళకు నా చేతే కట్టించిన మనిషిని నేను ఇంతవరకూ క్షమించలేదు. ఆయన మా క్రికెట్ జట్టు కెప్టెన్. జట్టంటే పెద్దదేమీ కాదు. జర్మనీలో బ్యోబ్లింగెన్, జిండెల్ఫింగెన్ చుట్టుపక్కల కార్ల కంపెనీలకు కోడు రాసుకుని బతికే తెలుగువాళ్ళం, ఆదివారం పూట తెల్లబట్టలు వేసుకుని పచ్చిక పాడుచేసేవాళ్ళం. అందులో నాలుగేళ్ళపాటు నేను ఓపెనర్ని. ఆ నాలుగేళ్ళలో నా అత్యధిక స్కోరు ముప్ఫై ఒకటి. అందులో కొన్ని నేను కొట్టినవే.

మహమ్మారికి ముందటి ఆఖరి వేసవిలో, ఆఖరి మ్యాచ్ రోజున నేను ప్యాడ్లు కట్టుకుని హెల్మెట్ కోసం వెతుక్కుంటున్నాను. కెప్టెన్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. గుంటూరు మనిషి, నాకన్నా ఆరేళ్ళు పెద్ద, జట్టులో అందరికీ అన్న.

"తమ్ముడూ, ఇయ్యాళ నువ్వు నీళ్ళు చూసుకో. కొత్తగా వచ్చినోడు బాగా ఆడతాడంట. నువ్వైతే ఏమీ అనుకోవు."

నేను ఏమీ అనుకోనని ఆయన అనుకోవడమే నాకు ఎక్కువ కష్టం కలిగించింది. కొత్తవాడికి ప్యాడ్ల బకిల్ పెట్టుకోవడం రాకపోతే వంగి నేనే పెట్టాను. పెళ్ళిబంతిలో కూర్చున్నవాణ్ణి విస్తట్లో పప్పు పడ్డాక లేపి, చేతికి గరిటె ఇచ్చి వడ్డించమన్నట్టుంది. ఆ సాయంత్రం పదకొండు మందికీ సీసాలు అందించాను. మూతలు కూడా నేనే తీశాను.

పగ పట్టడం నాకు కొత్త. నేను పట్టినదేదైనా జారిపోతుందని స్లిప్పుల్లో నన్నెప్పుడూ నిలబెట్టేవారు కాదు. ఇది మాత్రం జారలేదు.

శీతాకాలం ఎలాగూ ఆట ఉండదు. వసంతం వచ్చేసరికి మైదానం చుట్టూ ఎరుపూ తెలుపూ టేపు కట్టేశారు. మంగలిషాపులు కూడా మూతపడ్డాయి. జట్టు తగ్గింది, జుట్టు పెరిగింది. ఆఫీసులో కుర్జ్ఆర్బైట్ పెట్టారు. అంటే పనిగంటలు కురచచేసి, జీతం కురచచేసి, ఉద్యోగాన్ని మాత్రం పొడుగ్గా ఉంచే ఏర్పాటు. కిటా, అంటే చిన్నపిల్లల బడి, మూసేయడంతో ఐదేళ్ళ కూతురు నా ఒళ్ళోనే ఉండేది. ప్రపంచంలో ఎక్కడా ఏ ఆటా లేదు. నాకు పగలంతా పగే.

మే నెలలో మా జట్టు వికెట్ కీపర్ గ్రూపులో ఒక లింకు పెట్టాడు. కరీంనగర్ వాడు, మనసులో మాట దాచడం చేతకానివాడు.

"అన్నా, కొరియాల బేస్‌బాల్ షురూ అయిందే. మనుషుల్లేరు గ్యాలరీల, బొమ్మలు కూసున్నయ్. గదన్న చూద్దాం."

అక్కడ సాయంత్రం ఆరున్నర ఆట ఇక్కడ పదకొండున్నరకి వచ్చేది. సగం పని చేసే మనుషులకు సరిగ్గా సరిపోయే సమయం. ఆట ఎవరికీ తెలియదు, భాష అసలే తెలియదు. పట్టికలో ఆఖరున ఉన్న జట్టును చూసి, మాకు దగ్గరగా అనిపించి, దాన్నే మా జట్టుగా చేసుకున్నాం. పేరు నోరు తిరగక "మనోళ్ళు" అని పిలిచాం. ఆటగాళ్ళకూ మేమే బారసాల చేశాం. సన్నగా, పొడుగ్గా, బంతి విసిరేటప్పుడు మూడు చోట్ల వంగేవాడు మునగకాడ. కీపర్ చోట కూర్చునేవాడు బస్తా. ఎడమచేత్తో కొట్టేవాడు అచ్చం మా కరీంనగర్ వాడి మేనమామలా ఉన్నాడట, అందుకని మామ.

పదిరోజుల్లో మనోళ్ళు మా ప్రాణమైపోయారు. ప్రతి పొద్దునా తొమ్మిదింటికి కెప్టెన్, కరీంనగర్ వాడు, నేను, ముగ్గురం వీడియోలో కలిసేవాళ్ళం. ఆ రోజు మనోళ్ళలో ఎవరు దిగాలో, ఏ వరసలో దిగాలో వాదించుకుని, ఎవరి తొమ్మిది పేర్లు వాళ్ళం గ్రూపులో పెట్టాలి. ఎవరి పేర్లు అసలు జట్టుతో ఎక్కువ కలిస్తే ఆ రోజుకి వాడు గెలిచినట్టు. గ్రూపులో మిగతా పద్నాలుగు మంది ప్రేక్షకులు.

కెప్టెన్ పెట్టే జట్టు క్రికెట్ జట్టులా ఉండేది.

"మామని ముందు దింపమాకండయ్యా. ముందు కొత్త బంతిని అరగదీసేవోడు కావాల. నిలబడి ఆడేవోడు."

"అన్నా, గీ ఆటల బంతి అరగదే. కొంచెం మట్టంటితే కొత్తది తీస్తున్నరు."

"తీస్తే తియ్యనీ. ఓపెనర్ ఓపెనరే. ఏం తమ్ముడూ?"

"మీరన్నదీ నిజమేనన్నా," అనేవాణ్ణి నేను.

నిజం కాదని నాకు తెలుసు. ఎందుకంటే నేను రహస్యంగా చదువుతున్నాను. ఆ కొరియా లీగు పేజీలను యంత్రం చేత ఇంగ్లీషులోకి మార్పించుకుని, డిగ్రీకి కూడా చదవనంత చదివాను. అవతల విసిరేవాడు ఎడమచేతివాడైతే మామను కూర్చోబెడతారు. రాత్రి ఆట ఆడి మర్నాడు మధ్యాహ్నం ఆట ఉంటే బస్తాకు విశ్రాంతి ఇస్తారు. నేను రోజూ ఏడో ఎనిమిదో పేర్లు కలిపేవాణ్ణి. కెప్టెన్ నాలుగు దాటేవాడు కాదు. గెలిచినప్పుడల్లా "ఏదో గుడ్డిలో మెల్ల అన్నా" అని రాసేవాణ్ణి. అంత వినయం నాలో ఉందని నాకే తెలియదు.

"ఆ కొరియావాళ్ళ చేతులెలా ఉంటే మీకెందుకండీ?" అంది మా ఆవిడ, నా నోటుపుస్తకం చూసి. "మన గ్యాస్ హీటరు మనిషి ఏ రోజు వస్తాడో టెర్మిన్ దొరికిందా అని అడిగితే మూడు వారాలుగా జవాబు లేదు."

"దానికి తీరిక లేదు," అన్నాను. నిజంగానే అన్నాను.

ఒక మంగళవారం మునగకాడ చెలరేగిపోయాడు. తొమ్మిదింట్లో ఏడు ఇన్నింగ్సులపాటు అవతలివాళ్ళకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. చివర్లో మా అమ్మాయి తెరవైపు చూస్తూ "జైన్ ఆర్మ్ టూట్ వే, పాపా" అంది. పాపం అతని చెయ్యి నొప్పెడుతోందని. దానికి ఐదేళ్ళు, ఆట తెలియదు. అయినా ఆ చెయ్యిని చెయ్యిలా చూసింది. నేను అప్పటికే చదివిన నియమమూ అదే. ఒకసారి మొదటినుంచి విసిరినవాడు మళ్ళీ నాలుగైదు రోజులదాకా దిగడు. అలాంటివాళ్ళు అయిదుగురు వంతులవారీగా విసురుతారు. పైగా రేపు ఎవరు మొదలుపెడతారో లీగు ముందురోజే ప్రకటించేస్తుంది. బుధవారానికి ప్రకటించిన పేరు మునగకాడది కాదు. నేను కళ్ళారా చూశాను.

బుధవారం తొమ్మిదింటికి కెప్టెన్ ముఖం తెరమీద వెలిగిపోతోంది.

"ఇయ్యాళ కూడా మునగకాడే. రెండో మాట లేదు. నిన్న అంత చేసినోణ్ణి ఎవుడన్నా కూర్చోబెడతాడా?"

కరీంనగర్ వాడు తల గోక్కున్నాడు. "గంత విసిరిండు కదన్నా, చెయ్యి వడిపోదా?"

"టెస్టు మ్యాచులో ఐదు రోజులు వెయ్యట్లా? ఫామ్‌లో ఉన్నోణ్ణి ఆడించాల. కెప్టెన్సీ అంటే అదేరా."

నోరు విప్పి నియమం చెబితే అక్కడితో అయిపోయేది. నేను నోరు విప్పాను, కానీ దానికి కాదు.

"నాకు మాత్రం కోచ్ కూర్చోబెడతాడేమో అనిపిస్తోందన్నా," అన్నాను, వీలైనంత నీరసంగా.

"కూర్చోబెట్టటానికి ఆడు పిచ్చోడా?"

"కొందరు కెప్టెన్లు బాగా ఆడేవాణ్ణి కూడా కూర్చోబెడతారు కదన్నా."

ఒక్క క్షణం ఆయన నావైపు చూశాడు. ప్యాడ్లు గుర్తొచ్చాయో లేదో నాకు తెలియదు. మా వై-ఫై ఆ ముఖాన్ని అక్కడే కాసేపు ఆపేసింది.

"సరే రాసుకో. మునగకాడ ఇయ్యాళ దిగకపోతే, మైదానం తెరిచాక ఈ సీజనంతా నేను బ్యాటు పట్టను. కోటేసుకుని అంపైరుగా నిలబడతా. టీము నువ్వే ఎయ్యి. దిగితే మాత్రం నువ్వు సీజనంతా నీళ్ళు మొయ్యాల. ఏం?"

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే మైకులో వినిపిస్తుందేమోనని మ్యూట్ నొక్కాను. మళ్ళీ తీసి, "అలాగేనన్నా, మీ ఇష్టం" అన్నాను. పందెం మాటలన్నీ కరీంనగర్ వాడి చేత గ్రూపులో పెట్టించాను. పద్నాలుగు బొటనవేళ్ళు లేచాయి.

పదకొండున్నరకి బంతి విసిరే దిబ్బమీదికి ఎక్కినవాడు పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. మునగకాడ బెంచీ మీద చేతికి ఐసుసంచీ కట్టుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. కెమెరా అతని మీద చాలాసేపు నిలిచింది. ఆ కెమెరామనిషికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

గ్రూపులో ఒక్క నీళ్ళసీసా బొమ్మ పెట్టాను.

కరీంనగర్ వాడు వెంటనే విడిగా ఫోన్ చేశాడు. "నీకు ముందుగాల్నే ఎర్కనే గదా?"

"ఏదో చదివానులే."

"నువ్వు శాన మెత్తగ కనవడ్తవ్ వారీ. మెత్తని కత్తివి నువ్వు."

అంతకన్నా గొప్ప ప్రశంస నాకు ఏ అప్రైజల్లోనూ రాలేదు. కెప్టెన్ మాత్రం సాయంత్రం ఒక్క ముక్క రాశాడు: "మాటంటే మాటే. టీము ఎయ్యి తమ్ముడూ."

జులైలో మైదానం తెరిచారు. ఎవరెవరు వచ్చారో కాగితం మీద పేరూ ఫోన్ నంబరూ రాయాలి, బంతికి ఉమ్మి పూయకూడదు, మనిషికీ మనిషికీ మీటరున్నర దూరం. మొదటి ఆదివారం మాలో మేమే రెండు జట్లుగా ఆడుకున్నాం. జట్టు నేనే వేశాను. మొదటి పేరు నాదే, దాని కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ నిండు ఎండలో మాజీ కెప్టెన్ మాస్కు పెట్టుకుని, తెల్లకోటు వేసుకుని, అందరి టోపీలూ నడుముకు వేలాడదీసుకుని వికెట్ల వెనక నిలబడ్డాడు. నేను గార్డు అడిగి, నిదానంగా, అవసరమైనదానికన్నా చాలా నిదానంగా క్రీజులో గీత గీశాను. ఏడాదిగా ఈ గీత కోసమే బతికాను.

మూడో బంతి లోపలికి తిరిగి నా ప్యాడుకు తగిలింది. ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. నేను లేకపోతే అది మధ్య వికెట్టును పడగొట్టేది. బౌలరూ కీపరూ ఒక్కసారే అరిచారు. నేను తలెత్తి తెల్లకోటు వైపు చూశాను. ఆయన చెయ్యి కదల్లేదు. ఎడమకీ కుడికీ తల ఊపాడు.

"నాటౌట్."

తర్వాతి బంతికి ఒక పరుగు తీసి ఆయన పక్కకి చేరాను. మీటరున్నర దూరంలో, మాస్కు వెనకనుంచి, పిచ్ మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"అది అవుటే తమ్ముడూ. ఇస్తే, పగ తీర్చుకున్నాడంటారు జనం. మనకెందుకది."

అప్పుడే బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. కాళ్ళు కదల్లేదు. ఇరవై రెండు పరుగులు చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అందులో ఇరవై రెండూ ఆయన పెట్టిన భిక్షే. ఒక ఏడాది కష్టపడి కట్టుకున్న పగని ఆ మనిషి ఒక్క తల ఊపుతో లాగేసుకుని, పైగా పెద్దమనిషై కూర్చున్నాడు.

ఆ వారమంతా తిండి సయించలేదు. శనివారం ఆలోచన తట్టింది. గ్రూపులో రాశాను: "పందెం ముగిసింది. రేపు అన్న ఓపెనింగ్ చేస్తాడు. అంపైరింగ్ నేను చేస్తాను." నన్నందరూ తెగ పొగిడారు. ఎంత మంచి మనసు, ఎంత పెద్ద మనసు అని. మా ఆవిడ ఒక్కతే ఫోన్లో అది చదివి, నా ముఖంలోకి చూసి, "ఏం చెయ్యబోతున్నారు?" అంది.

ఏం చెయ్యాలో నాకు స్పష్టంగా తెలుసు. బంతి ఆయన ప్యాడుకు తగలాలి. పచ్చి అవుట్ అయి ఉండాలి. నేను నాటౌట్ ఇవ్వాలి. తర్వాత ఆయన నా పక్కకి వచ్చినప్పుడు, చూపు తిప్పకుండా, "అది అవుటేనన్నా" అనాలి. ఆ వాక్యాన్ని కారులో మూడు రకాలుగా పలికి చూసుకున్నాను.

రెండో ఓవర్లోనే తగిలింది. మోకాలి కింద, వికెట్లకు సూటిగా. ఇంతకన్నా చక్కటి బంతి నాకోసం ఎవరూ వెయ్యలేరు. బౌలర్ మోకాళ్ళ మీద పడి అరుస్తున్నాడు. నేను ఊపిరి పీల్చుకుని, తల ఊపడానికి మెడ సిద్ధం చేసుకుని, "నాట్..." అన్నాను.

ఆయన నావైపు చూడనే లేదు. అప్పటికే బ్యాటు చంకలో పెట్టుకుని, గ్లవ్స్ విప్పుకుంటూ, గేటువైపు నడిచిపోతున్నాడు.