బుగ్గలో బెల్లం ముక్క

చెరువు కట్ట మీద పన్నెండో కిలోమీటరు దాటుతుండగా నా కుడి దవడలో పటుక్కుమంది. ఆగి అరచేతిలోకి ఉమ్మి చూసుకుంటే, కరుగుతున్న బెల్లంలో బియ్యపు గింజంత పన్ను ముక్క మెరుస్తోంది. నా పక్కనే పరుగెత్తుతున్న గుర్రం తాత (మా పరుగు గుంపు పెట్టిన పేరు) కూడా ఆగి, తొంగి చూసి, "అయ్యో, పన్ను పాయనా అప్పా! పోతే పోనీ, బెల్లం ఉండాదా? లేకపోతే నాతాన ఉండాది" అంటూ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. అప్పుడు గమనించాను, ఆయన ఎడమ బుగ్గ కూడా ఉబ్బి ఉంది. "మీరెప్పటినుంచి?" అన్నాను భయంగా. "మూడు వారాలాయ. నిప్పట్లు కట్టిచ్చిన కాగితంలో ఉండె. మీ పేపరే గదప్పా!" అన్నాడు. నా పన్ను సంగతి ఆ క్షణంలోనే మరిచిపోయాను.

ఆ రోజుల్లో అచ్చయిన ప్రతి మాట వెనకా విషయం తెలిసినవాళ్లు ఎవరో ఉంటారని జనం నమ్మేవారు. ఆ తెలిసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కావడమే చిక్కు. ఇరవై ఆరేళ్ల వయసు, బెంగళూరులో ఒక తెలుగు దినపత్రికలో ఉద్యోగం, ఆదివారం ఆరోగ్యం పేజీ నా చేతిలో. ఒక సాయంత్రం పేజీ అడుగున మూడు లైన్ల ఖాళీ మిగిలింది. ఖాళీ మిగిలితే ఎవరి చేతిలో పేజీ ఉంటే వాళ్లే ఏదో ఒకటి రాసి పూడ్చాలి, అది మా పద్ధతి. ఆ వారం పరుగులో సరదాగా బుగ్గన బెల్లం పెట్టుకుని వెళ్లిన సంగతి గుర్తొచ్చి, 'పరుగెత్తేవారు బుగ్గన బెల్లం ముక్క ఉంచుకుంటే అలుపు తెలియదు' అని రాసి పంపేశాను. (ఆ రోజు నాకు అలుపు తెలియకపోవడానికి కారణం సగం దూరం నడవడమేనని తర్వాత జ్ఞాపకం వచ్చింది.) తెల్లారి దాన్ని నల్లటి అక్షరాల్లో చూసుకున్నాక నాకే నమ్మకం కుదిరింది. ఆ తర్వాత ఏడాది పాటు బెల్లం లేకుండా పరుగుకు వెళ్లలేదు. నేను రాసిన మాటను నాకంటే భక్తిగా పాటించిన పాఠకుడు లేడనుకున్నాను, గుర్రం తాత బుగ్గ చూసేదాకా.

తాత జిగణిలోని ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా పరుగు గుంపులో చాలామంది సాఫ్ట్‌వేర్ పిల్లలు, చేతికి గడియారాలు, నడుముకు రంగునీళ్ల సీసాలు. తాతకు ఒక పాత రబ్బరు బూట్ల జత, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసే అలవాటు, అంతే. పరుగయ్యాక కట్ట మీది కుళాయి దగ్గర గళగళా పుక్కిలించి ఉమ్మి, అరుగు మీద కూర్చుని, రాయిలాంటి నిప్పట్టును, అంటే బియ్యప్పిండి చెక్కను, ముందుపళ్లతో ఠప్పున విరిచేవాడు. ఆ చప్పుడుకు సాఫ్ట్‌వేర్ పిల్లలు మాటలాపి చూసేవారు. నేనూ చూసేవాణ్ణి. ఆ పళ్లలో ఎక్కడా ఒక మచ్చ లేదు, సందు లేదు, ఒక్క పన్నూ తగ్గలేదు. గోపురం ముందు నిలబడి తల ఎత్తి చూసినట్టు ఆ నోట్లోకి చూసేవాళ్లం. ఇప్పుడు ఆ నోట్లో, నా చేతి మీదుగా వెళ్లిన బెల్లం ముక్క.

మర్నాడు హూడిలో ఉండే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. విజయవాడ మనిషి, తనూ పరుగెత్తుతుంది. నా పంటి ఫోటోను పెద్ద తెర మీద పెట్టింది. కొండల్లాంటి దవడపళ్లు, వాటి మధ్య గని తవ్వినట్టు గొయ్యి. ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం పంటి పైపొరేనట, ఎముక కంటే గట్టిదట, ఒకసారి పోతే మళ్లీ రాదట. నోరు తెరిచి వింటున్నాను. (తెరవక తప్పని కుర్చీ అది.)

"మీరు రన్‌లో నోటితో బ్రీత్ చేస్తారు కదండీ, నోరు డ్రై అయిపోతుంది. పళ్లను కాపాడేది లాలాజలమే. అది లేని టైమ్‌లో గంటన్నర సేపు షుగర్‌లో నానబెట్టారు. ఇంటికెళ్లి నిమ్మరసం తాగి వెంటనే గట్టిగా బ్రష్ చేస్తారా?"

తల ఊపాను.

"సూపర్! మిగిలినది బ్రష్‌తో గీకేశారన్నమాట. నిమ్మరసం తాగాక నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలండీ. అసలీ బెల్లం ఐడియా ఎవరిచ్చారు?"

"పేపర్లో వచ్చిందండీ."

"ఏ మహానుభావుడు రాశాడో, దొరికితే తీసుకురండి, ఫ్రీగా పీకేస్తాను."

అంటూనే నా నోట్లో దూది కుక్కడం అదృష్టమైంది.

బుధవారం కట్ట మీద తాతను పట్టుకుని డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆయన బెల్లాన్ని కుడి బుగ్గలోకి మార్చుకుని విన్నాడు. "సుమ్నె ఉండప్పా, ఊరకుండు. నీ పన్ను పాయనని బేజారులో చెప్తా ఉండావు. అచ్చులో వచ్చింది తప్పుంటాదా?"

"అది రాసింది నేనే తాతా!"

"నువ్వు రాసుంటావు. నీ పైనోళ్లు చూసుంటారు గదా? వాళ్ల పైనోళ్లు చూసుంటారు గదా?"

నిజానికి పైనోళ్లెవరూ చూడలేదు. మా వృత్తి మీద అంత నమ్మకాన్ని నేను ఆఫీసులో కూడా ఎన్నడూ చూడలేదు.

ఆఫీసుకెళ్లి సవరణ వేద్దామని ఇన్‌ఛార్జిని అడిగాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఏడాది కిందటిదా? ఎవరైనా కంప్లైంట్ చేశారా?"

"లేదు సార్. నా పన్ను విరిగింది."

"నువ్వు స్టాఫయ్యా, పాఠకుడివి కాదు. సరే, ఖాళీ ఉంటే చూద్దాం."

ఆ వారం పేజీలో ఖాళీ నేనే పుట్టించాను. అదే చోట, అదే మూడు లైన్లు: 'పరుగులో బుగ్గన బెల్లం ఉంచుకోరాదు. నీళ్లు తాగాలి, పరుగయ్యాక పుక్కిలించాలి. గతంలో రాసినది పొరపాటు.' దిద్దడానికి ప్రూఫు తీసి చూసుకుంటూ ఉండగానే చివరి నిమిషంలో టైర్ల ప్రకటన వచ్చి ఆ మూడు లైన్లనూ మింగేసింది. ప్రూఫు కాగితం మాత్రం నా చేతిలో మిగిలింది.

ఆదివారం దాన్ని తాతకిచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి రెండుసార్లు చదివాడు. లేచి కుళాయి దగ్గరికి వెళ్లి బెల్లం ఉమ్మేసి గళగళా పుక్కిలించాడు. "చూడప్పా, ఇట్ల చెప్పాల! నువ్వు ఉత్త నోటితో చెప్తే ఎట్ల?" అని ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నిప్పట్టు తీశాడు. ఠప్పుమంది.

తాతకు ఇప్పుడు ఎనభై దాటాయి. పరుగు మానేసి నడుస్తున్నాడు, పళ్లన్నీ ఉన్నాయి. నా దవడలో తొడుగు పన్ను ఉంది, నీళ్ల సీసాలో నీళ్లే ఉన్నాయి. తాను చదివిన సవరణ పత్రికలో రాలేదని ఆయనకు నేటికీ చెప్పలేదు. అద్దంలో పళ్లు తోముకుంటున్నప్పుడు అప్పుడప్పుడు ఆ ఇరవై ఆరేళ్ల మహానుభావుడు ఎదురై నవ్వు తెప్పిస్తాడు. ఆ సవరణ అచ్చయింది ఒకే ఒక్క ప్రతి. బెల్లం పెట్టుకోమన్న మొదటి మూడు లైన్లు మాత్రం అప్పటి ఆదివారం ఎడిషన్ ప్రతులన్నిటిలోనూ వెళ్లాయి. వాటిలో ఎన్ని ఇంకా ఏ అంగడిలో నిప్పట్లు కట్టడానికి కాచుకుని ఉన్నాయో నాకు తెలియదు.