గుట్ట పాముకు విషం లేదన్నాను

మా ఊరి టీ బంకులో నా మాట నమ్మేవాళ్ళు తక్కువ, వినేవాళ్ళు ఎక్కువ. ఎన్నో ఏళ్ళ తర్వాత పెన్నలో నీళ్ళు పారిన ఏడు, చేపలు ఈత మరిచిపోయి ఒడ్డు వెంట నడుచుకుంటూ పామిడి సంతకు పోయాయని చెప్పాను. అందరూ నవ్వారు, ఎవరి కొంపా మునగలేదు. అబద్ధం ఏనుగంతదైతే దాన్ని ఎవరూ ఇంటికి మోసుకుపోరు. ప్రాణం మీదికి తెచ్చింది చిన్న అబద్ధమే. అందులో సగం చదువు కలిపి చెప్పాను.

నేను జూనియర్ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అటెండర్ని. సీసాల్లోని పాములకూ కప్పలకూ మందు నీళ్ళు మార్చడం, దుమ్ము తుడవడం నా పని. ఇరవై ఏళ్ళకు పైగా తలుపు పక్కన నిలబడి అవే పాఠాలు విన్నాను. జీవపరిణామం పాఠం మొదలవగానే సారు జిరాఫీ పటం తగిలించేవారు. పై కొమ్మలు అందక మెడ సాచి సాచి, ఆ సాగిన మెడే పిల్లలకు వచ్చిందని ఒకప్పుడు అనుకునేవారని చెప్పేవారు. సరిగ్గా అక్కడ ఆయనకు గొంతు ఎండేది. "ఒక టీ పట్రాప్పా" అనేవారు. నేను గ్లాసుతో వచ్చేసరికి పటం చుట్టేసి గోడకు ఆనించి ఉండేది. అలా ఏటా మొదటి సగమే విన్నాను. ఒకప్పుడు అనుకునేవారు అన్న ముక్క మాత్రం నా చెవిలో నిలవలేదు.

ఆ సగంతోనే ఒక వేసవిలో కథ అల్లాను. ఆ రోజు బంకులో నా చెల్లెలి మొగుడు కూడా ఉన్నాడు. మా బావది గుట్ట కింద ఆరెకరాల చెనిక్కాయ చేను, అదే వేరుశెనగ. గుట్ట రాళ్ళలో చిన్న పింజరలు ఎక్కువ. జానెడు పొడవుంటాయి, చుట్టలు చుట్టుకుని ఒళ్ళు రుద్దుకుంటే కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చప్పుడు. ఆ ఏడు అవి మరీ ఎక్కువయ్యాయని ఎవరో అన్నారు.

"ఉంటే ఉండనీప్పా," అన్నాను. "విషం చేసుకునేదానికి ఒంట్లో నీళ్ళు కావల్ల కదా? మన గుట్ట మీద నీళ్ళు యాడుండాయి? తరతరాలుగా ఎండి ఎండి వాటి విషం తిత్తి వాడిపోయింది. ల్యాబులో నేనే కోసి చూసినా. ఎండు ద్రాక్ష మాదిరి ఉండాది. అది పాత పింజర కాదు, కొత్త జాతి. మన కరువు కనింది."

"కరువు కనేది మన మాదిరోల్లనే అనుకుంటి బావా," అన్నాడు బావ.

బంకు బంకంతా నవ్వింది. నేను ఏ పామునూ కోయలేదు. కోసి చూశానన్న ఆ ఒక్క ముక్కనూ బావ ఇంటికి మోసుకుపోయాడని నాకు తెలియలేదు.

మా వైపు చెనిక్కాయ చెట్లు పీకి చేలోనే కుప్పలు వేసి ఆరబెడతారు. కుప్ప విప్పేముందు పొడుగాటి కర్రతో మూడు చోట్ల తట్టి, ఒక బీడీ కాలేంత సేపు ఆగాలి. కింద చల్లదనానికి చేరిన పింజర ఆలోగా తన దారిన తాను పోతుంది. మా నాయన అలాగే చేసేవాడు, ఆయన నాయనా అలాగే చేసేవాడు. ఆ ఏడు బావ తట్టలేదు. కూలోళ్ళు గుర్తు చేస్తే, విషం లేని పాముకు మర్యాదలెందుకన్నాడట.

కుప్పలు విప్పిన మర్నాడు పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, మీ బావ పండ్లు తోముకుంటాంటే చిగుళ్ళలో నెత్తురు వస్తాంది. ఎంత సేపైనా ఆగల్యా."

"ఏమైనా తగిలిందా?"

"నిన్న మధ్యాన్నం కుప్ప కింద పింజర కరిచిందంట. చెయ్యి వాసిందాకా నాకు చెప్పనే ల్యా. అడిగితే నవ్వుతాడు. దానికి విషం లేదంట. నువ్వు కోసి చూసినావంట కదా?"

"ఆటో తెస్తాండా" అని మాత్రం అన్నాను.

అనంతపురం పెద్దాసుపత్రి దాకా బావ మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి నిగనిగలాడుతోంది. "మీ కొత్త జాతికి పాత బుద్ధి పోలేదు బావా," అని నవ్వాడు. నవ్వితే పళ్ళ సందుల్లో నెత్తురు. చెల్లెలు కొంగుతో తుడిచింది. తుడిచిన ప్రతిసారీ మళ్ళీ ఎర్రగా ఊరేది. ఆమె దారి పొడుగునా నా వైపు చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బావ నెత్తురు కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. "ఇరవై నిమిషాలు కదిలించొద్దు. గడ్డకడితే సరే. కట్టకపోతే విషం ఎక్కినట్టే, విరుగుడు మందెక్కించాల." ఆ ఇరవై నిమిషాలూ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాను. ఫ్యాను గాలికి అది కదులుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె వచ్చి గొట్టం వంచింది. నెత్తురు కుంకుమ నీళ్ళలా జారిపోయింది.

మందు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి సెలైన్లో కలిపి ఎక్కిస్తుండగా, కేసుషీటు రాసుకుంటున్న ఆమె దగ్గరికి పోయాను.

"మేడం, నిన్ననే తీసుకురాకపోవడానికి కారణం నేను." కథంతా చెప్పాను.

ఆమె తిట్టలేదు. రాయడం ఆపింది. "అవసరం పడిందని ఏ జంతువూ మారదన్నా. పింజర ఒక్క ఈతలో చానా పిల్లల్ని పెడుతుంది. అన్నీ ఒకేలా పుట్టవు. ఒకదాని విషం జరా ఎక్కువ, ఒకదానిది తక్కువ. ఈ రాళ్ళలో దొరికేదేంది? తేళ్ళు, జెర్రులు, బల్లులు. వాటిని టక్కున పడగొట్టగలిగిందే కడుపు నింపుకుంటుంది, బతికి పిల్లల్ని పెడుతుంది. విషం చాలనిది ఆకలితో పోతుంది. మీ కరువు పాములకు విషం తగ్గించిందనుకున్నారా? విషం తక్కువైన పాముల్నే ఏరేసింది."

టీ తేవడానికి పోయిన సగం పాఠం ఇన్నేళ్ళకు అలా నా చెవిన పడింది.

"అయితే కొత్త జాతి అన్నది ఉత్తదేనా మేడం?"

"ఉత్తదే. ఒక గుంపు ఈ గుట్టలో, ఇంకో గుంపు ఎక్కడో దూరాన, ఎన్నో వేల ఏళ్ళు కలవకుండా ఉండిపోతే ఎక్కడివక్కడ చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. చివరికి రెండూ ఎదురుపడినా జతకట్టవు, కట్టినా పిల్లలు నిలవవు. అప్పుడు రెండు జాతులంటాం. అయితే అంత దూరం పోకముందే, ఒకే జాతిలో కూడా చోటును బట్టి విషం కొంచెం మారుతుంది." ఆమె సెలైన్ సీసా వైపు చూసింది. "ఈ మందు వేరే చోట పట్టిన పాముల విషంతో చేసింది. ఎక్కువసార్లు పనిచేస్తుంది. మీ గుట్ట పాము విషం దానికి ఎంత దగ్గరో సాయంత్రం తెలుస్తుంది."

అసలు భయం అప్పుడు పట్టుకుంది. మా గుట్ట పాము వేరు అని పదిమందిలో వాదించినవాణ్ణి, అది వేరు కాకూడదని ఆ వరండాలో కూర్చుని మొక్కుకున్నాను. ఊరూరా దొరికే మామూలు పింజరే అయ్యుండాలి. గుట్ట కళ్ళ ముందుకు వచ్చింది. చుట్టూ చేలు, ఒక పక్క రాయదుర్గం బస్సులు పోయే రోడ్డు, ఇంకో పక్క కంకర మిషన్లు. లోపలి పాము బయటికి పోయే దారేది, బయటిది లోపలికి వచ్చే దారేది అని వెతుక్కున్నాను. ఎన్నో వేల ఏళ్ళు పడుతుందని ఆమె చెప్పిన మాట భయానికి వినపడలేదు.

సాయంత్రం మళ్ళీ నెత్తురు తీశారు, మళ్ళీ ఇరవై నిమిషాలు. గొట్టం వంచితే మళ్ళీ జారింది. పొద్దుటికన్నా చిక్కగా ఉన్నట్టు నాకు అనిపించింది. డాక్టరమ్మ ఇంకొన్ని సీసాలు తెమ్మంది.

చెల్లెలు వచ్చి నా ముందు నిలబడింది. "కుప్ప తట్టమని నేను చెప్పినా. మీ అన్న చదువుకున్నోళ్ళ మధ్య ఉండేటోడు, ఊరికే చెప్తాడా అన్నాడు." ఆమె గొంతు పెంచలేదు. "ఆయప్పకు ఏమన్నా అయితే నీ మొగం చూడనన్నా."

ఊరంతా నన్ను అబద్ధాలకోరంటుంది. బావ ఒక్కడు నన్ను నమ్మాడు. ఇప్పుడు వాడు కళ్ళు మూసుకుని పడుకున్నాడు, ముక్కులో దూది. నవ్వడం మానేశాడు. వాడు మళ్ళీ నాకేదైనా ఎత్తిపొడుపు మాట విసిరితే చాలనిపించింది. ఆ రాత్రి వరండాలోనే కూర్చున్నాను.

తెల్లవారాక మూడోసారి నెత్తురు తీశారు. ఈసారి గొట్టం దగ్గర చెల్లెలు కూడా నిలబడింది. డాక్టరమ్మ గొట్టం మెల్లగా వంచింది. నెత్తురు కదలలేదు. ఇంకా వంచింది, దాదాపు తలకిందులు చేసింది. అడుగున నల్లెర్రగా ముద్ద కట్టి నిలిచే ఉంది.

"గడ్డకట్టింది!" అన్నాను. "చూడమ్మా, గట్టిగా కట్టింది!"

చెల్లెలు నా వైపు తిరగలేదు.

"నువ్వు చెప్పొద్దన్నా," అంది. "మేడమ్మ చెప్పనీ."

డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, కట్టిందమ్మా అని తలూపింది. అప్పుడు చెల్లెలు గోడకు ఆనుకుని, ఉన్నచోటనే కూలబడింది.